చెమట పట్టిన క్యారేజీ

"శాంపిల్స్ పోయాయి," అన్నాడు చీఫ్ రాఘవయ్య. వ్యాపార్ విహార్ టోకు మార్కెట్‌లో ఉల్లిపాయల గోడౌన్ వెనక గదే ఆయన బ్రీఫింగ్ రూమ్. ఏజెంట్ గిరిబాబు ఘాటుకు కళ్ళు తుడుచుకున్నాడు.

"రైల్వే కాలనీలో ఏళ్ళ తరబడి హెపటైటిస్ బి ఉన్నవాళ్ళ రక్తం అది. కొందరిలో బిని పట్టుకుని డెల్టా అనే ఇంకో వైరస్ కూడా బతుకుతోంది. మనిషి మనిషికీ దాని జన్యువులు మారుతున్నాయి. ఎవరికి ఎలాంటి మందు తయారు చేయాలో ఆ శాంపిల్సే తేల్చాలి. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా ఆ మందు మీద పేటెంట్ కోసం వాటిని కొట్టేసింది. ఇవాళ ఐసులో పెట్టి కట్నీ ప్యాసింజర్ రైల్లో దాటిస్తారు. కర్గీ రోడ్ స్టేషన్‌లో వాళ్ళ మనిషి అందుకుంటాడు."

"ముఠాలో మన ఏజెంట్ ఉండాలిగా?"

"ప్రసూన. రెండు నెలలుగా కబురు లేదు."

 ఆమె, గిరిబాబు అదే రైల్వే కాలనీలో కలిసి పెరిగారు. కారణం చెప్పకుండా అతనితో పెళ్ళి వద్దని వెళ్ళిపోయిన పిల్ల ఆమె. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

మధ్యాహ్నం గిరిబాబు కూలీ ఎర్రచొక్కాలో ప్లాట్‌ఫారం ఎక్కాడు. చల్లదనం పసిగట్టే పెన్నొకటి ఢిల్లీ ఆఫీసువాళ్ళు ఇచ్చారు. ఎండకు అదే ముందు చచ్చిపోయింది.

నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, చేతిలో క్యారేజీ. ప్రసూనే! డ్యూటీలో ఉన్న మగవాళ్ళకు ఇంటి నుంచి వచ్చే భోజనాన్ని ఈ ఊళ్ళో ఏ పోలీసూ విప్పి చూడడు. అది ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ ఆ క్యారేజీ ఒళ్ళంతా చల్లటి నీటిబొట్లు. వేడన్నం పెట్టిన గిన్నెకు పైన చెమట పట్టదు.

"కూరేటి?" అన్నాడు. అది వాళ్ళ కోడ్.

"ఆనపకాయ." అంది ప్రసూన.

"ఇచ్చీ ప్రసూనా."

"ఇందులో నా రక్తం కూడా ఉన్నాది గిరీ. బి, డెల్టా రెండూ ఉన్నాయి నాకు. ఇది అందిస్తే మందిస్తామన్నారు."

"అందుకేనేటి పెళ్ళొద్దన్నావు?"

"చెప్తే నువ్వు నన్ను వదలవు గనక."

గార్డు ఈల వేశాడు. రైలు కదిలింది. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

"మన దగ్గర ఆ మందున్నాదేటి?"

అబద్ధాలతోనే బతికే ఉద్యోగం గిరిబాబుది. ఆ ఒక్క అబద్ధం మాత్రం నోట రాలేదు.

"లేదు. ఇంకా కనిపెట్టాల. ఇవి పోతే అదీ లేదు. మన కాలనీలో చిన్నతల్లి అత్తకీ, ఎర్రయ్య మావకీ, ఎవరికీ."

ప్రసూన కాలు దించింది. క్యారేజీ అతని చేతిలో పెట్టి బెంచీ మీద కూలబడింది. ఆఖరి పెట్టె ఆమె ముందు నుంచే వెళ్ళిపోయింది.

సాయంత్రం గిరిబాబు ఒక్కడే అదే బెంచీ మీద ఉండగా ఫోన్ మోగింది.

"కర్గీ రోడ్‌లో వాడు దొరికాడయ్యా! శాంపిల్స్ ల్యాబ్‌కి చేరాయి. శభాష్!" అన్నాడు రాఘవయ్య. "ప్రసూనను మనవాళ్ళు తీసుకెళ్ళారుగా? గొంతేంటి, అలా ఉంది?"

"ఉల్లిపాయలు సార్," అన్నాడు గిరిబాబు.

ప్లాట్‌ఫారం మీద ఉల్లిపాయ ఒక్కటీ లేదు.