ఆగని కర్ర

ఆ సాయంత్రం విజయనగరం క్రీడాంగణంలో ముందుగా పట్టణసభ అధ్యక్షులు భానోజీరావు, ఆయన పక్కన ధ్వనిశిల్పి మైథిలి, వారి వెనుక డోలుతో లంక బంగారమ్మ, చివరగా బరిలో కర్రలు పట్టుకొని గొర్లె ఎర్రినాయుడు, అతని తమ్ముడు తవిటినాయుడు ఉన్నారు. ఆ అన్నదమ్ముల తాత నడిపిన గరిడీకి, అంటే ఆ సాముశాలకు, ఇకపై గురువెవరో ఆ కర్రసాములో తేలాలి.

ఒక తరం నుంచి పట్టణంలోని గోడలన్నిటిలో లయబంధిని అనే యంత్రం ఉన్నది. అది తనకు వినబడే చప్పుళ్ల వేగాన్ని కొలిచి, ప్రతిధ్వనిని సరిగ్గా తాళంలోకి దించుతుంది. జనం దాని తాళానికే నడిచారు, దంచారు, సుత్తి వేశారు, అలుపెరుగలేదు. మైథిలి దానిని కర్రసాముకు జతపరచడం అదే మొదలు.

"అన్నియ్యా, కర్ర గట్టిగా పట్టుకో. వొదిన నిన్ను మోసుకెళ్లనేదు," అన్నాడు తవిటినాయుడు.

"ముందు నువ్వు నిలబడరా."

రక్తం కనబడితే డోలు ఆగాలి; డోలు ఆగితే కర్ర దించాలి. అదే కట్టుబాటు. అన్న కర్ర తగిలి తమ్ముడి నుదురు చిట్లగానే బంగారమ్మ డోలు ఆపింది. లయబంధిని మాత్రం ఆగలేదు. డోలు వినబడకపోవడంతో కర్రల చప్పుడునే తాళంగా స్వీకరించింది. దెబ్బ వేగానికి ప్రతిధ్వని, ప్రతిధ్వని వేగానికి దెబ్బ పెరిగాయి. పుట్టినప్పటినుండి ఆ తాళానికి అలవడిన భుజాలకు ఆగడం తెలియదు. తవిటినాయుడి ఎడమ మోచేయి విరిగింది. అతడు మోకాళ్లపై కూలి, ఒంటిచేత్తో కర్ర అడ్డుపెడుతున్నాడు. ఎర్రినాయుడు ఏడుస్తూనే కొడుతున్నాడు.

అధ్యక్షులు యంత్రాన్ని ఆపమన్నారు. ఊరి గోడలన్నిటిలో అల్లుకున్నదానిని తక్షణం ఆపలేమని, కర్రకు కర్ర తగలని దెబ్బ ఒక్కటి పడితేనే అది తాళం మరచిపోతుందని మైథిలి చెప్పింది. ఆ దెబ్బ తవిటినాయుడి తలపైనే పడబోతున్నదని అందరికీ అర్థమైంది.

"మనిసి మీద పడితే సాలా, తల్లీ?" అని అడిగింది బంగారమ్మ.

జవాబు వినకుండానే బరిలోకి దూకి, తవిటినాయుడి తలపై తన కుడిచేయి చాచింది. ఎముక విరిగిన మెత్తని చప్పుడు. గోడలు మూగబోయాయి.

"నానేటి సేసేను?" అన్నాడు ఎర్రినాయుడు, కర్ర జారవిడిచి.

లంక బంగారమ్మ తన కుడిచేతిని ఒడ్డి గొర్లె తవిటినాయుడి ప్రాణము నిలిపినదనియు, ఆ చేయి ఇక డోలు వాయింపజాలదనియు, అందుకు ఈ పట్టణము ఆమెకు ఋణపడియున్నదనియు, కరతాళధ్వనులు లేకుండ, సభ లేచి నిలిచి అంగీకరించినది.