ఒకటిన్నర విమానాల స్కూలు

"మీ దగ్గర విమానాలెన్ని?"

"ఒకటిన్నర."

ఆమె నోట్‌బుక్‌లో రాయబోయి ఆగింది. "అర అంటే?"

"అర అంటే ఇదిగో, నా చుట్టూ ఉన్నది. కాస్త చూసి నడవండి. మీరు తొక్కింది దాని బేరింగు."

ఆమె చటుక్కున కాలు తీసింది. రేకుల షెడ్డు నేలంతా పాత దుప్పట్లు పరిచి, వాటి మీద ఒక విమానాన్ని విప్పి ఆరబెట్టినట్టు పెట్టి ఉంది. మధ్యలో బాసింపట్టు వేసుకుని మెకానిక్ కూర్చున్నాడు. మోచేతుల దాకా నూనె. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయినవాడు, నోట్‌బుక్ పట్టుకొచ్చిన మనిషిని చూస్తే తల ఎత్తడు. ఎత్తితే అవతలివాళ్ళు వంచుతారని అనుమానం.

"మైదానం స్కూల్లో ఆరున్నాయి," అందామె.

"అయితే అక్కడికే వెళ్ళండి. లెక్క తేలిగ్గా ఉంటుంది. అరలూ పావులూ ఉండవు."

ఆమె ఏదో రాసింది. అప్పుడు తల ఎత్తాడు. తలకిందులుగా ఉన్న అక్షరాలు చదవడం అతనికి బాగా వచ్చు. ఇంజన్ల కింద పడుకుని నంబర్లు చదివి చదివి అబ్బిన విద్య.

"'మెకానిక్: పొగరు.' బానే ఉంది. కింద గీత కూడా గీసుకోండి."

ఆమె గీసింది. రెండు గీతలు.

ఆమె కింది ఊరి పోస్టాఫీసులో కౌంటరు గుమాస్తా. కొండ అవతలి పల్లెలకు పార్సిల్ వెళ్ళాలంటే బస్సులో ఏడు గంటలు. చిన్న విమానంలో పదకొండు నిమిషాలు. ఇక మీదట టపా విమానంలో పంపుదామని పైవాళ్ళు తేల్చారు. నడపడం నేర్చుకోడానికి సిబ్బందిలో ఒకరికి ఆరు నెలల సెలవు ఇస్తామన్నారు. ఆ ఒకరు ఈమె. సెలవు ఒక్కసారే ఇస్తారు. ఫారంలో స్కూలు పేరు రాసే గడి కూడా ఒక్కటే. అది వచ్చే నెలాఖరు లోపు పెద్దాఫీసుకు అందాలి.

మైదానంలో ఉన్న స్కూలుకి పొడుగాటి రన్‌వే, అద్దాల గదులు, టైమ్‌టేబులు ఉన్నాయి. కొండ మీది ఈ స్కూలుకి ఏమున్నాయో చూశారు కదా. ఘాట్ రోడ్డు మీద ఇరవై ఎనిమిదేళ్ళుగా బస్సు నడుపుతున్న ఆమె తండ్రి, ఆలోచించకుండా మైదానమే అన్నాడు. "కొండ మీద తప్పు చేస్తే దిద్దుకోడానికి చోటుండదమ్మా."

కానీ ఆమె ఏదీ చూడకుండా ఒప్పుకునే రకం కాదు. ఇరవై మూడు ప్రశ్నలు రాసుకుని మరీ వచ్చింది.

స్కూలు నడిపేది మెకానిక్ మేనత్త. పొట్టి మనిషి. సీట్లో రెండు దిండ్లు వేసుకుంటే గానీ బయటికి కనపడదు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఆమె దిగని చదును లేదు. ప్రశ్నల పట్టీ చూసి, "ఇవన్నీ కింద నుంచి అడిగే ప్రశ్నలు. వచ్చే శనివారం పొద్దున్నే రా, పైకెళ్ళి మాట్లాడుకుందాం," అంది.

ఆ శనివారం విమానం ఎక్కేముందు అత్త ఆమెను షెడ్డు తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. తలుపు మీద తలుపంత పలక. రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా కనపడుతుంది.

"దీని మీద ఎవరైనా 'వద్దు' అని రాస్తే ఆ పూట విమానం కదలదు. నేను రాయొచ్చు, వీడు రాయొచ్చు, టీ ఇచ్చే ఆవిడ రాయొచ్చు. ఎందుకని అడక్కూడదు. అదే ఇక్కడి పద్ధతి."

"ఎందుకు అడక్కూడదండీ?"

"అదుగో, అడిగేశారు," అన్నాడు మెకానిక్ టైరులో గాలి చూస్తూ.

"నువ్వూరుకోరా. కారణం చెప్పాల్సొస్తే జనం జంకుతారమ్మా. గట్టిగా చెప్పుకోదగ్గ కారణం దొరికేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. చెబితే వింటాం. మనంగా అడగం."

"ఏమీ రాయకపోతే?"

"ఖాళీగా ఉంటే సరేనని అర్థం."

ఆ పూట పలక ఖాళీగా ఉంది. విమానం రన్‌వే వాలు మీద జారుతూ వెళ్ళి, ఇక నేల అయిపోయిందనగా గాల్లోకి లేచింది. అత్త మొదట నేర్పింది ముందుకు పోవడం కాదు, వెనక్కి తిరగడం. "కొండ మీదికి సూటిగా పోకు. ఏటవాలుగా వెళ్ళు. అవతల గాలి కిందికి తొక్కేస్తే చప్పున తిరిగిపోడానికి చోటుంచుకోవాలి."

దిగేసరికి ఆమె జడ ఊడిపోయింది. మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది?" అన్నాడు మెకానిక్.

"నాకు మాట రావట్లేదు."

"హమ్మయ్య. మొదటి రోజే కష్టమైన పాఠం వచ్చేసింది."

ఆమె నవ్వాపుకుంటూ నోట్‌బుక్ తీసి రెండు గీతల్లో ఒకటి కొట్టేసింది.

తర్వాతి శనివారం మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతదీ వచ్చింది. మైదానం స్కూలుకి ఒక్కసారి వెళ్ళి ప్రశ్నలన్నీ గంటలో ముగించుకొచ్చిన మనిషికి, ఇక్కడ మాత్రం వారానికి నాలుగు కంటే ఎక్కువ అడగడం కుదరలేదు. ఆమె అతన్ని 'స్పానర్ గారు' అనేది. అతను ఆమెను 'పోస్టు గారు' అనేవాడు. అర విమానానికి రెక్కలు వచ్చాయి. ఆమె రెక్క పట్టుకుంటే అతను బోల్టు బిగించాడు.

నాలుగో శనివారం వాన వచ్చింది. ప్రేమకథల్లో వాన ఊరికే వస్తుంది. ఇక్కడ దానికి కారణం ఉంది: మధ్యాహ్నం దాటింది. కొండల్లో గాలి పొద్దున పెద్దమనిషి, మధ్యాహ్నం తాగుబోతు. రేకుల మీద వాన దబదబా కొడుతుంటే ఇద్దరూ రెక్క కింద నిలబడ్డారు.

"ఇరవై నాలుగో ప్రశ్న," అందామె.

"ఇరవై మూడేగా?"

"ఇది ఇక్కడికొచ్చాక పుట్టింది. మీరైతే ఆ గడిలో ఏం రాస్తారు?"

అతను గొంతు సవరించుకున్నాడు. "అక్కడైతే లైసెన్సు తొందరగా వస్తుంది. ఇక్కడ వాన పడితే వారాల తరబడి ఇలా నిలబడాలి. అక్కడ నేర్చుకుంటే కొండల కోసం మళ్ళీ మొదట్నించి నేర్చుకోవాలి. ఇక్కడేమో..."

"స్కూళ్ళ సంగతి నా నోట్‌బుక్‌లో ఉంది. నువ్వేమంటావని."

మీరు కాస్తా నువ్వు అయింది. ఇద్దరూ గమనించారు. వాన మాత్రం ఏమీ విననట్టు కురుస్తూనే ఉంది.

"నేను పదో తరగతి గట్టెక్కనివాణ్ణి. నీ జీవితంలో గడి నన్నడిగి నింపుతావా?"

"నువ్వు బిగించిన బోల్టు మీద భరోసాతో గాల్లోకి వెళ్ళొచ్చాను. అంతకంటే పెద్ద గడి ఏముంది?"

అతను స్పానర్ కోసం వెతుక్కున్నాడు. అది అతని చేతిలోనే ఉంది.

ఇక చెప్పేలా లేడని ఆమెకు అర్థమైంది. శుక్రవారం పొద్దున తండ్రి బస్సులో కొండెక్కి, షెడ్డు మలుపు దగ్గర ఐదు నిమిషాలు ఆపించుకుంది. మెకానిక్ రన్‌వే ఆ చివర రాళ్ళేరుతున్నాడు. అత్త ఇంకా రాలేదు. కొక్కేలకు నీలం రంగు కోట్లు రెండు వేలాడుతున్నాయి. తండ్రి హారన్ కొడుతున్నాడు. ఆమె చీటీ రాసి, మడిచి, కోటు జేబులో పెట్టి పరుగెత్తింది.

'ఇక్కడే చేరనా? నువ్వు సరే అంటే చేరతాను. సాయంత్రం బస్సులోంచి పలక చూసుకుంటాను.'

ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క ఉత్తరం కూడా తప్పు అడ్రసుకి పంపని మనిషి, తన సొంత ఉత్తరం పెట్టింది అత్త కోటులో.

సాయంత్రం తిరుగు దారిలో బస్సు ఆ మలుపు తిరిగింది. పలక మీద చేతి వెడల్పు అక్షరాలతో 'వద్దు' అని ఉంది.

ఆమె మొహం చూసి తండ్రి, "ఏమైందమ్మా? ఆ పలకేంటి?" అన్నాడు.

"అక్కడ ఎవరైనా వద్దంటే వద్దంతే నాన్నా. ఎందుకని అడక్కూడదు."

"ఎవరైనానా? మెకానిక్ కూడానా?"

"టీ ఇచ్చే ఆవిడైనా సరే."

తండ్రి ఆ పలక వైపు అద్దంలో మరోసారి చూశాడు. ఇంటికి రాగానే ఆమె గడిలో మైదానం స్కూలు పేరు రాసి, కవరు అంటించి, రేపు పెద్దాఫీసులో ఇవ్వమని తండ్రి చేతికిచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే, చేతిరాత మాత్రం గుండ్రంగా రాసింది.

ఆ శనివారం ఆమె రాలేదు. మెకానిక్ మధ్యాహ్నం దాకా రోడ్డు వైపు చూశాడు. తర్వాత 'నోట్‌బుక్ వాళ్ళకి మనమెక్కడ గుర్తుంటాం' అనుకుని ఇంజన్ కింద దూరాడు.

సోమవారం చలి వేసింది. అత్త కోటు తొడుక్కుని జేబులో చెయ్యి పెట్టింది. చీటీ చదివి కళ్ళజోడు సర్దుకుంది.

"ఏరా, ఆ పోస్టు పిల్ల నన్ను నువ్వంటుందేంటి? మాటకు ముందు ఒక అండీ, మాటకు వెనక ఒక అండీ పెట్టే పిల్ల!"

మెకానిక్ చీటీ లాక్కుని చదివాడు.

"అత్తా, శుక్రవారం పొగ గొట్టానికి పగులుందని నేను పలక మీద..."

"వద్దని రాశావు. రోడ్డంతా కనపడేలా." అత్తకు అంతా అర్థమైంది. "నిలబడ్డావేంరా? బండి తాళాలు అక్కడున్నాయి."

పోస్టాఫీసు కౌంటరు ముందు ఏడుగురున్నారు. అతను నూనె చేతులతోనే వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయాడు.

"ఏం కావాలండీ?" అందామె, తల ఎత్తకుండా. ఆ విద్య ఎవరి దగ్గర నేర్చుకుందో తెలుస్తూనే ఉంది.

"ఆ వద్దు నీకు కాదు."

"మరెవరికి?"

"పొగ గొట్టానికి. వెంట్రుక మందాన పగిలింది. నీ చీటీ మా అత్త కోటులో పెట్టావు. నాకు అందింది ఇందాకే."

ఆమె చేతిలోని ముద్ర గాల్లోనే ఆగిపోయింది. "అత్తయ్యగారి కోటా? నేనా? తప్పు అడ్రసుకా?"

"వచ్చి అడగొచ్చుగా!"

"వద్దుకి కారణం అడక్కూడదన్నారుగా!"

"అమ్మా," అన్నాడు వెనక నిలబడ్డ తాత, "ముందు నా స్టాంపులిచ్చేసి తర్వాత పోట్లాడుకోండి. లేదంటే పూర్తిగా పోట్లాడుకోండి, నేను కూర్చుని వింటాను."

వరసంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. "ఇప్పుడేం లాభం? ఫారం శనివారమే వెళ్ళిపోయింది."

"వెళ్ళలేదు."

ఆ మాట అన్నది గుమ్మంలోని మనిషి. భుజం మీద టపా సంచితో ఆమె తండ్రి. సంచి దించి, ఖాకీ చొక్కా జేబులోంచి ఆ కవరే తీసి కౌంటరు మీద పెట్టాడు.

"నాన్నా! ఇవ్వమన్న ఉత్తరం ఇవ్వకపోవడమేంటి?"

"ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపాను తల్లీ. బ్రేకు మెత్తగా ఉందన్నా సరే, టైమైంది తియ్యమనేవాళ్ళు. తీశాను. ప్రతిసారీ నీ మొహం తలుచుకుంటూ మలుపులు దిగాను. వద్దనే హక్కు నాకెవరూ ఇవ్వలేదు." మెకానిక్ వైపు తిరిగాడు. "బాబూ, ఆ వద్దు రాసినందుకు మీ అత్త నిన్నేమైనా అందా?"

"లేదండీ. టీ తాగమంది."

తండ్రి తలాడించాడు. "నా కూతురు ఎగిరితే అలాంటి చోటే ఎగరాలి. అందుకే నేనూ జీవితంలో మొదటిసారి వద్దన్నాను. ఎందుకని అడక్కండి." అని, కారణమంతా తనే చెప్పేశానని అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

నెలాఖరుకి ఇంకా రెండు రోజుల గడువుంది. ఆమె సొరుగులోంచి కొత్త ఫారం తీసి, పెన్ను పట్టుకుని, అతని కళ్ళలోకి చూసింది.

"మళ్ళీ అడుగుతున్నా. ఇక్కడే చేరనా?"

"అంటే, రన్‌వే పొట్టిది, వానాకాలమేమో..."

"ఏటవాలుగా రాకు. ఈసారి సూటిగా రా."

అతను తల ఎత్తాడు. "చేరు. నువ్వు రాని శనివారం ఒక్కటే చూశాను. ఇంకోటి చూడలేను."

"హమ్మయ్య," అన్నాడు తాత. "నా స్టాంపులు."

ఆరు నెలల సెలవులో దాదాపు నెలన్నర వాన తినేసింది. మిగిలిన రోజుల్లో అత్త ఆమెకు గాలి నేర్పింది. గాలి ఆమెకు ఓపిక నేర్పింది. అర విమానం కూడా ఒకటై, స్కూల్లో విమానాలు రెండయ్యాయి.

ఆమె మొదటిసారి ఒంటరిగా ఎగిరింది ఆ రెండోదానిలోనే. తండ్రి బస్సు మలుపులో ఆపుకుని, ప్రయాణికులందర్నీ దింపి మరీ చూపించాడు. విమానం కొండ పక్కగా ఏటవాలుగా వెళ్ళి, తిరిగి, వాలు మీద మెత్తగా దిగింది. అత్త దిండ్లు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టింది.

ఆమె దిగి వచ్చి, అందరూ చూస్తుండగా అతని దగ్గరికెళ్ళి, కోటు కాలరు మీద కొత్తగా కుట్టిన పేరు చదివి, అతనిదేనని తేల్చుకున్నాకే జేబులో చీటీ పెట్టింది.

అతను విప్పి చదివాడు.

'ఆదివారం నాన్న మీ అత్తయ్యగారితో మన పెళ్ళి మాట్లాడటానికి వస్తాడట. నీకు ఇష్టం లేకపోతే పలక మీద రాసెయ్యి. కారణం అడగను.'

అతను పలక దగ్గరికి నడిచాడు. దాని మీద పొద్దున్నే అత్త రాసుకున్న గాలి లెక్కలున్నాయి. కోటు చేతిని పైకి లాక్కుని, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఒక్క గీత మిగలకుండా తుడిచేశాడు.

మలుపులో బస్సు హారన్ ఆగకుండా మోగింది.