వణికే పొర

"మీ బుడగ వణకడం లేదండి. మీ బల్ల వణుకుతోంది."

ల్యాబ్‌లో చేరిన మొదటి వారంలోనే, మీటింగ్‌లో అందరి ముందూ అతను ఆమెతో ఆ మాట అనేశాడు. అతనిది లెక్కల పని. మైక్రోస్కోప్ ముట్టుకున్నవాడు కాదు. ఆమె రెండేళ్లుగా దాని ముందే కూర్చుంది. మన కణాల చుట్టూ ఉండేలాంటి పొరతోనే కంటికి కనబడనంత చిన్న బుడగలు చేసి, వాటి మీద ప్రొటీన్ వేస్తే పొర దానంతటదే వంగి పిల్ల బుడగ మొలుస్తుందని కనిపెట్టింది.

"బిగుతుగా ఉన్న పొర అంత తేలిగ్గా వంగదు. నా లెక్క ప్రకారం పిల్ల బుడగ రాకూడదు," అన్నాడు.

"దానికి మీ లెక్క సంగతి తెలీదు పాపం. వచ్చేసింది," అంది.

అందరూ నవ్వారు, ప్రొఫెసర్ తప్ప. లెక్క కుదిరేదాకా ఆ ఫలితాన్ని పేపర్లోంచి తీసేద్దామన్నారాయన. ఆమె ముఖం వాడిపోయింది. వాదన నెగ్గినా అతనికి ఆ పూట కాఫీ కూడా సహించలేదు.

సాయంత్రం వాన పట్టుకుంది. సగం తడిసి, మైక్రోస్కోప్ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒకసారి చూడొచ్చా?"

"రండి. అడుగులు మెల్లగా వెయ్యండి, అసలే వణికే బల్ల."

మెల్లగా వచ్చి కూర్చున్నాడు. తెర మీద గుండ్రటి బుడగ. దాని అంచు అలలు అలలుగా కదులుతోంది.

"పక్కన నల్లచుక్క కనిపిస్తోందా? గాజుకి అంటుకున్న దుమ్ము. అది కదులుతోందా?"

చాలాసేపు చూశాడు. "లేదు."

"బల్ల వణికితే అదీ వణకాలిగా. చుట్టూ ఉన్న నీటి అణువులు తోస్తుంటే పొర అలా కదులుతుంది. బిగుతుగా ఉంటే ఇంత కదలదు. బయటి నీళ్లలో చక్కెర పెంచాను. లోపలి నీళ్లు కొంచెం బయటికొచ్చి పొర వదులైంది."

"ఇది మీటింగ్‌లో చెప్పలేదేం?"

"చెప్పనిచ్చారా?"

అతను మర్నాటి నుంచి ఆమె పక్కనే కుర్చీ వేసుకుని ఆ కదలికల్ని కొలవడం మొదలెట్టాడు. ఆమె వెక్కిరించేది, అతను నవ్వేవాడు. 'మీరు' కాస్తా ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు. కొలతల్ని బట్టి పొర ఎంత వదులుగా ఉందో లెక్కలో పెట్టేసరికి అందులోనూ పిల్ల బుడగ వచ్చింది. ఆమె మైక్రోస్కోప్‌లో చూసినంతే ఉంది.

అతనే ప్రొఫెసర్ దగ్గరికెళ్లాడు. "పొర బిగుతుగా ఉందని నేను అనుకున్నానంతే సార్, కొలవలేదు. తను చెప్పిందే నిజం."

ఫలితం పేపర్లోకి తిరిగొచ్చింది. దాని మీద మాట్లాడమని ఆమెను పెద్ద సభకి పిలిచారు. బస్సు నడిపే వాళ్లమ్మ డ్యూటీ దిగి, యూనిఫాంలోనే వచ్చి వెనక వరసలో కూర్చుంది.

ప్రసంగం అవగానే ఒక పెద్ద శాస్త్రవేత్త లేచి, బిగుతైన పొరలో ఇదెలా సాధ్యమని నిలదీశాడు. జవాబు చెబుదామని అతను కుర్చీలోంచి సగం లేచాడు. ఆమె అప్పటికే చెప్పడం మొదలుపెట్టింది. తొణక్కుండా, బెణక్కుండా, చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేంత తేటగా. అతను మళ్లీ కూర్చుని విన్నాడు. ఆ పెద్దాయనే ముందుగా చప్పట్లు కొట్టాడు.

బయట వరండాలో ఆమె అడిగింది. "అందరూ ఏదో ఒకటి అన్నారు. నువ్వు మాట్లాడవేం?"

"నిన్ను చూస్తే గర్వంగా ఉంది. మా మనిషని చెప్పుకోవాలనుంది. చెప్పుకునే హక్కు ఉందో లేదో తెలీక ఊరుకున్నాను."

"అడిగితే కదా తెలిసేది."

"అడుగుతున్నాను. జన్మంతా ఉండాలి ఆ హక్కు."

ఆమె తల దించుకోలేదు. అతని కళ్లలోకే చూస్తూ "ఉంది," అంది.

అంతలో వాళ్లమ్మ వచ్చింది. కూతురి భుజం నిమిరి, అతన్ని ఎగాదిగా చూసింది.

"మా అమ్మాయి చెప్పింది తప్పని అందరిలో అన్నది నువ్వేనా బాబూ?"

"నేనేనండి. నాదే తప్పని ఒప్పుకున్నది కూడా నేనే."

"మా ఇంట్లో తనది తప్పనే ధైర్యం ఎవరికీ లేదు, తప్పు ఒప్పుకునే అలవాటు తనకీ లేదు. రా, ఇంటికెళ్లి భోంచేద్దాం," అని ఆవిడ ఇద్దరికీ ముందు నడిచింది.