వెనక గుమ్మానికి మూడు మెట్లు

రెండో మోడల్ మీద ముసుగు తీయగానే హాల్లో మాటలు ఆగిపోయాయి.

మొదటిదీ రెండోదీ ఒకే భవనం.

పాతనగరం నడిబొడ్డున, శిథిలమైన కోటగోడ పక్కన కట్టబోయే సంగీతశాల అది. దాని డిజైన్ కోసం పోటీ పెట్టారు. చుట్టూ ఉన్న పాత ఇళ్ల కప్పులను మించి ఎత్తు పెరగకుండా హాలును నేలలోకి దించడం, ఇరుకు సందులో నడిచి మలుపు తిరగ్గానే విశాలమైన ముంగిలి కనబడటం, పాత గోడను కూల్చకుండా కొత్త గోడకు ఎదురుగా నిలబెట్టడం. రెండింటిలోనూ అన్నీ అవే.

ఒకటి ఓ యువ ఆర్కిటెక్ట్‌ది. భర్తతో కలిసి చిన్న ఆఫీసు నడుపుకుంటోంది. రెండోది ఊళ్లోకెల్లా పెద్ద సంస్థది. దాని అధిపతి, సూటు వేసుకున్న పెద్దమనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్థలం ఎలా అడిగితే అలా గీశాం," అన్నాడాయన. "ఆవిడకీ అదే తోచింది కాబోలు. మేమేం చెయ్యం?"

జ్యూరీ అధ్యక్షురాలు గడియారం చూసుకుంది. "సాయంత్రం ఐదింటికి వివరణలు మొదలవుతాయి. ఈలోపు ఎవరు ఎవరిది కొట్టేశారో తేలాలి. తేలకపోతే రెండూ పోటీలో ఉండవు."

ఆర్కిటెక్ట్ తన భర్త వైపు తిరిగింది. అందరూ వింటుండగానే అడిగేసింది.

"నువ్వే ఇచ్చావు కదూ?"

అతను తెల్లబోయి చూశాడు. బయటకు వెళ్లిపోయాడు.

పావుగంటలో ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. రిటైరై చాలా కాలమైనా అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఫోన్ చేసి రప్పించింది మాష్టారు. ఆర్కిటెక్ట్‌కు కాలేజీలో పాఠాలు చెప్పిన గురువు, ఇన్‌స్పెక్టర్‌కు రోజూ పొద్దున నడకలో తోడు. ఆర్కిటెక్ట్ తండ్రి బతికున్న రోజుల్లో ముగ్గురూ విడదీయలేని స్నేహితులు.

"నువ్వే చూడాలిరా," అన్నాడు మాష్టారు, గొంతు తగ్గించి. "బయటివాళ్లయితే పిల్ల బతుకు బజారుకెక్కుతుంది. ఇది ఇంటిదొంగ పని. అల్లుడు పోయిన నెల ఆ పెద్ద సంస్థ ఆఫీసుకెళ్లాడట."

ఇన్‌స్పెక్టర్‌కు ఆ మాట చెవికింపుగానే వినబడింది. స్నేహితుడి కూతురు చేసుకున్న ఆ మనిషంటే ఆయనకు మొదటినుంచీ పడదు. పెళ్లిలో భోజనం బాగుందని తప్ప మరో మంచిమాట అని ఎరగడు.

ఆర్కిటెక్ట్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"డ్రాయింగులు ఎక్కడుంటాయి?"

"మా కంప్యూటర్లో, బాబాయ్."

"పాస్‌వర్డ్?"

"మా ఇద్దరికే తెలుసు."

"అతను వాళ్ల ఆఫీసుకెళ్లిన సంగతి నీకు తెలుసా?"

"పొద్దున మాష్టారు చెప్పేదాకా తెలీదు." ఆమె పెదవి కొరుక్కుంది. "నాకు చెప్పకుండా వెళ్లాడంటే ఏమనుకోవాలి?"

భర్త బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇంజనీరు. చొక్కా జేబులో రెండు పెన్సిళ్లు.

"వాళ్ల ఆఫీసుకెళ్లావా?"

"వెళ్లాను."

"ఎందుకు?"

"ఉద్యోగం ఇస్తామన్నారు. వద్దని చెప్పడానికి."

"ఆ ముక్క ఫోన్లో చెప్పొచ్చుగా?"

"కాఫీ బాగుంటుందన్నారు. ఉత్తిమాట."

"ఇక్కడ వేళాకోళమా?"

"నా పెళ్లాం నన్ను నలుగురిలో దొంగను చేసింది సార్. వేళాకోళం కాకపోతే ఏడవాలి."

"ఆమెకెందుకు చెప్పలేదు?"

"పనిలో తలమునకలై ఉంది. వద్దనుకున్న ఉద్యోగం గురించి చెప్పడానికేముంది అనుకున్నాను."

మోటివ్ ఉంది. అవకాశం ఉంది. దాచిపెట్టిన సంగతీ ఉంది. సర్వీసులో ఉండగా ఇన్‌స్పెక్టర్ ఇంతకంటే తక్కువ ఆధారంతో బేడీలు వేసిన రోజులున్నాయి. అయినా పాత అలవాటు ఊరుకోనివ్వదు. ఇద్దరు కవలలను ఎదురుగా నిలబెడితే పుట్టుమచ్చ కోసం వెతకాల్సిందే.

మళ్లీ హాల్లోకి వెళ్లి రెండు మోడళ్ల చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. నడుం పట్టేసింది. మోకాళ్ల మీద కూర్చుని చూశాడు.

దొరికింది.

ఆర్కిటెక్ట్ మోడల్లో వెనక గుమ్మం సందులోకి సమంగా తెరుచుకుంటోంది. పెద్ద సంస్థ మోడల్లో అదే గుమ్మం ముందు మూడు మెట్లు కిందికి దిగుతున్నాయి.

"ఈ మెట్లెందుకు?" అని సూటు పెద్దమనిషిని అడిగాడు.

"అక్కడ నేల పల్లం. మెట్లు లేకపోతే జనం దొర్లిపడతారు."

ఇన్‌స్పెక్టర్ గొడుగు తీసుకుని స్థలానికి నడిచాడు. పాతనగరం ఆ హాలుకు పది నిమిషాల దూరం. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు సందులు. పొద్దున వాన పడింది. వెనక సందు ఈ చివర నుంచి ఆ చివరకు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక పక్కకు పారడం లేదు, ఒక మూలకు చేరడం లేదు. బూటు ముంచి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. ఎక్కడా మడమ దాటలేదు.

పల్లం లేదు. ఆ మూడు మెట్లూ కడితే భూమిలోకి దిగుతాయి.

తడిసిన బూట్లతో తిరిగి వచ్చి ఆర్కిటెక్ట్‌ను పక్కకు పిలిచాడు.

"అమ్మా, మీ డ్రాయింగుల్లో వెనక సందు ఎలా ఉంది?"

"సమంగా ఉంటుంది బాబాయ్. మా ఆయనే లెవెల్ పెట్టి కొలిచాడు."

"మరి ఎప్పుడైనా, ఎక్కడైనా అది పల్లంగా కనబడిందా?"

ఆమె ఆలోచించింది. ఆలోచిస్తున్నకొద్దీ ముఖంలో రంగు దిగిపోయింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. విన్నాక ఇన్‌స్పెక్టర్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

నాలుగున్నరకు అందరినీ లోపలి గదిలో కూర్చోబెట్టాడు. అధ్యక్షురాలు, సూటు పెద్దమనిషి, మాష్టారు, ఆర్కిటెక్ట్, ఆమె భర్త. భర్త తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"కంప్యూటర్లోంచి దొంగిలించినవాడు ఈ తప్పు చెయ్యడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "డ్రాయింగుల్లో సందు సమంగా ఉంది. సందుకెళ్లి చూసినవాడూ చెయ్యడు. అక్కడ నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. ఈ డిజైన్ దొంగిలించింది కాగితం మీంచి కాదు. మోడల్ మీంచి."

"మా మోడల్లోనూ సందు సమంగానే ఉందిగా?" అన్నాడు భర్త.

"ఇప్పుడుంది. ఆమధ్య పెద్ద వానలు పడ్డప్పుడు?"

అతను ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు.

"ఈ భార్యాభర్తల ఆఫీసు కప్పు కారింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మోడల్ తడుస్తుందని వారం రోజులు ఇంకో ఇంట్లో పెట్టారు. తీసుకెళ్లినప్పుడు బాగానే ఉంది. ఆ ఇంట్లో చెమ్మకు అడుగు అట్ట మెత్తబడి, వెనక మూల కుంగింది. అగ్గిపుల్ల మందం. మోడల్ మీద అగ్గిపుల్ల మందమంటే వీధిలో మూడు మెట్లు. తిరిగి తెచ్చిన రోజే భార్యాభర్తలిద్దరూ కూర్చుని అట్ట మార్చేశారు. కుంగిన మూలను చూసింది వీళ్లిద్దరు కాక ఇంకొక్కరే. వీళ్లకది తప్పని తెలుసు. ఆ ఒక్కరికీ తెలీదు."

"ఎవరి ఇల్లు?" అంది అధ్యక్షురాలు.

"కాగితాన్ని నమ్మొద్దు, మోడల్‌ను చేత్తో కొలవండి అని జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పిన మనిషిది."

మాష్టారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

సూటు పెద్దమనిషి కుర్చీ వెనక్కి జరిపాడు. "మాకేం తెలీదు. అవి తన సొంత కొలతలని మాష్టారే చెప్పాడు. అంతటి మనిషి ఇచ్చాడు కదాని మేం సరిచూసుకోలేదు."

"మాష్టారూ," అంది ఆర్కిటెక్ట్.

"ఆ ముంగిలి నాది," అన్నాడు మాష్టారు. "గోడకెదురు గోడ పెట్టడం నీకు ఎవరు నేర్పారు? ఈ ఊళ్లో వీధికొకడు నా శిష్యుడు. వాళ్లంతా కట్టారు. నా చేత మాత్రం ఎవరూ ఒక్క గోడైనా కట్టించుకోలేదు. శిలాఫలకం మీద ముఖ్య సలహాదారుగా నా పేరు చెక్కిస్తామన్నారు వీళ్లు. అంతే. ఇంకేం ఆశించలేదు."

"నన్ను అడగాల్సింది. మీ పేరు ముందు పెట్టి, కింద నా పేరు పెట్టుకునేదాన్ని."

మాష్టారు తుడుస్తున్న కళ్లజోడును ఒళ్లోకి దించాడు.

ఇన్‌స్పెక్టర్‌కు ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. అది కేసుకు అక్కర్లేని ప్రశ్న. అయినా అడగకుండా ఉండలేకపోయాడు.

"నన్నెందుకు పిలిచావురా? పోలీసులు లేరా ఊళ్లో?"

మాష్టారు కళ్లజోడు పెట్టుకున్నాడు. "నీకు అల్లుడంటే గిట్టదు కదా. ఇంకెక్కడా వెతకవనుకున్నాను."

ఇన్నేళ్ల నడకలు, ఇన్నేళ్ల కబుర్లు. స్నేహితుడు తనను అంత బాగా తెలుసుకున్నది ఇందుకా అనిపించింది ఇన్‌స్పెక్టర్‌కు. అతని మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు చూడలేక మాష్టారే లేచి వెళ్లిపోయాడు.

అధ్యక్షురాలు పెద్ద సంస్థ పేరు కొట్టేసింది. "మొదటి వివరణ మీదేనమ్మా. ఐదు నిమిషాల్లో రండి," అని జ్యూరీతో హాల్లోకి నడిచింది.

ఆర్కిటెక్ట్ తన భర్త దగ్గరకు వెళ్లింది.

"పొరపాటైపోయింది. కోపంలో అనేశాను. క్షమించవూ?"

"క్షమించడానికేముంది?" అన్నాడతను, మెల్లగానే. "మాష్టారిని అనుమానించడానికి నీకు ఇన్ని రుజువులు కావాల్సొచ్చాయి. నన్ను అనుమానించడానికి ఒక్కటీ అక్కర్లేకపోయింది."

"అలా అనకు. లోపలికి రా. ఇద్దరం కలిసి చెబుదాం."

"నువ్వు బాగా చెబుతావు. వెళ్లు. పిలుస్తున్నారు."

అతను గుమ్మం దాటి వీధిలోకి వెళ్లాడు. ఇన్‌స్పెక్టర్ ఆపబోయాడు. ఆపడానికి తనకు ముఖం చెల్లలేదు. తానూ ఇవాళ అతణ్ని అనుమానించినవాడే.

లోపల్నుంచి రెండోసారి పిలిచారు. ఆర్కిటెక్ట్ కళ్లు తుడుచుకుని, జుట్టు సవరించుకుని, తన మోడల్ పక్కకు వెళ్లి నిలబడింది. జ్యూరీ కాగితాలు సర్దుకుంది. హాలు నిశ్శబ్దమైంది.

"నమస్కారం. ఈ భవనాన్ని నేనూ, మా ఆయనా కలిసి..." అని మొదలుపెట్టింది.

అక్కడే ఆగి, తన పక్కనున్న ఖాళీ చోటు వైపు తిరిగింది.