ఉస్తా మిర్సోలి కొట్టులో సుత్తి చప్పుడు

మా చుస్త్‌లో కత్తుల వీధి చివర, కాలవ మలుపులో ఒక కొట్టు ఉండేది. ఆ చలికాలం పొద్దుగుంకాక ఆ మలుపు తిరిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గాడిదల్ని కూడా మసీదు వైపు నుంచి చుట్టూ తిప్పి తోలుకెళ్ళేవాళ్ళు.

కొట్టు ఉస్తా మిర్సోలిది — ఉస్తా అంటే పనిలో చెయ్యి తిరిగిన గురువు. కత్తులకి పిడులు మార్చడంలో ఆయన తర్వాతే ఎవరైనా. అప్పటికి ఆయన పోయి ఇరవై రోజులైంది. తలుపుకి బయట తాళం ఉంది. లోపల మాత్రం... సుత్తి చప్పుడు.

రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. కాస్త ఆగి — మళ్ళీ రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. పిడిలో శీల బిగించేటప్పుడు ఆ కొట్టులోంచి ఎప్పుడూ వినపడే వరస అది.

చప్పుడొక్కటే అయితే ఎలకలని సరిపెట్టుకుందురు. అసలు భయం తెల్లారాక మొదలయ్యేది. బతికుండగా ఆయనకి బాగుచెయ్యమని ఇచ్చిన కత్తులు ఒక్కొక్కటే, గుడ్డలో చుట్టి, ఎవరివి వాళ్ళ గుమ్మానికి వేలాడుతూ కనపడేవి. కొత్త పిడితో.

టీ దుకాణం జుమా తన కత్తిని చేత్తో ముట్టుకోలేదు. పొయ్యి పటకారుతో పట్టి తీసుకెళ్ళి కాలవలో పారేశాడు. అతన్ని చూసి ఇంకో ఇద్దరు పారేశారు.

కసాయి ఖోల్మత్ మాత్రం నమ్మలేదు. తన తూకం తనే రెండుసార్లు చూసుకునే మనిషి.

"దెయ్యం పిడులు బిగిస్తుందా? ఇది సత్తోర్ పని," అన్నాడు జుమాతో. సత్తోర్ అంటే ఉస్తా దగ్గర పని నేర్చి, పక్క వీధిలో సొంత కొట్టు పెట్టుకున్నవాడు. "పిడి వేసే వంకతో లోపలి ఉక్కు మార్చేస్తున్నాడు. మీరేమో భయపడి చూసుకోకుండా పారేస్తున్నారు."

"నీ కత్తి కూడా అక్కడే ఉందిగా?"

"ఉంది. మా నాన్నది. అందుకే వెళ్తున్నా."

"వెళ్ళు... అన్ని గొర్రెల్ని కోసిన చెయ్యి నీది, నిన్ను చూసి అదే జడుసుకుంటుందేమో," అన్నాడు జుమా. అన్నాడు గానీ నవ్వలేదు.

సాయంత్రం నమాజు అయ్యాక ఖోల్మత్ బయల్దేరాడు. మలుపు దగ్గర మంచు గట్టిపడి కాలికింద పటపటమంటోంది. కాలవ మీంచి చల్లటి గాలి. కొట్టు ముందు చీకటి. తాళం చేత్తో పట్టి చూశాడు — తుప్పు పట్టి ఉంది, ఎవరూ తీసిన జాడ లేదు.

సత్తోర్ కప్పు మీంచి దిగుతున్నాడేమో అనుకున్నాడు. తలెత్తి చూశాడు. కప్పు మీద మంచు చెక్కుచెదరలేదు.

అప్పుడు మొదలైంది.

రెండు మెల్లగా... ఒకటి గట్టిగా.

 ఖోల్మత్ కిటికీ దగ్గరికి జరిగాడు. కిటికీ చెక్కల మధ్య సన్నటి సందు ఉంది, అందులోంచి పసుపు వెలుతురు గీతలా వస్తోంది. కన్ను ఆనించాడు.

లోపల ఎవరో వీపు ఇటు తిప్పి కూచున్నారు. ఉస్తా తొడిగే నీలం చారల దూది కోటు. తల మీద ఆయన టోపీ. ముందు దాగలి మీద ఒక కత్తి... ఊడదీసిన పాత పిడి చెక్కలు పక్కన పడున్నాయి. కొత్త కొమ్ము చెక్కలు రెండూ ఉక్కుకి అటూ ఇటూ అతికి ఉన్నాయి. రంధ్రంలో ఇత్తడి శీల. సుత్తి దాని తల మీద పడుతోంది.

అది తన తండ్రి కత్తే.

 సుత్తి ఆగింది.

"ఖోల్మత్," అంది ఆ ఆకారం, తల తిప్పకుండానే. "వచ్చినవాడివి లోపలికి రా. గొర్రె కొవ్వు వాసన సందులోంచి కొడుతోంది."

మగ గొంతు కాదు.

ఆకారం ఇటు తిరిగింది. అన్బర్ ఖాలా — వీధంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఉస్తా భార్య. సంతాపంలో గడప దాటదని వీధంతా అనుకుంటున్న మనిషి.

వాళ్ళింటి పెరట్లోంచి కొట్టులోకి చిన్న తలుపుందని ఆమె చెబితేనే అతనికి తెలిసింది. లోపలికొచ్చి నిలబడ్డాడు. 

"మీరా ఖాలా... ఇదంతా?"

"పోయేముందు ఆయన నా దగ్గర మాట తీసుకున్నాడు. తను పోయిన నలభయ్యో రోజులోపు ఎవరి కత్తి వాళ్ళకి చేరాలని. తెల్లారుజామున ముసుగేసుకుని నడిచే ముసలిదాన్ని ఎవరు చూస్తారు?" ఆకురాయి తీసి శీల తలని చెక్కతో సమంగా అరగదీస్తోంది. "చలికి ఆయన కోటు తొడుక్కుంటున్నా."

"మీకు ఈ పని ఎప్పుడొచ్చింది?"

 ఆమె పిడి మీద పొడి ఊదింది.

"ఎనిమిదేళ్ళయింది ఆయన చేతులు వణకడం మొదలై. అప్పట్నుంచీ లోపల నేను కొడుతున్నా, బయట ఆయన ఇస్తున్నాడు. ఆరేళ్ళ కిందట నువ్వు వేయించుకున్న పిడి కూడా నాదే. నీలాంటి చెయ్యి ఇంకొకరికి లేదు ఉస్తా, అని పొగిడి వెళ్ళావు. ఆయన లోపలికొచ్చి ఆ మాట నాకు ఒక్క ముక్క పోకుండా చెప్పాడు."

ఖోల్మత్ తల దించుకున్నాడు.

"ఇది బయట పడితే ఆయన్ని మోసగాడంటారు తమ్ముడూ. ఇంకా నాలుగు కత్తులున్నాయి. మూడేమో కాలవలో పడ్డాయట..."  కత్తి అతని చేతికిచ్చింది.

పిడి పట్టి వేళ్ళు బిగించి చూశాడు. చెక్కకీ ఉక్కుకీ మధ్య గోరు దూరే సందు లేదు. పాత ఉక్కు పాతదే.

"మీలాంటి చెయ్యి... ఇంకొకరికి లేదు ఖాలా," అన్నాడు.

మలుపు దాటి వచ్చేసరికి టీ దుకాణం దగ్గర జుమా, ఇంకా నలుగురూ ఎదురుచూస్తున్నారు. అతని చేతిలో కత్తి చూసి అందరూ ఒకడుగు వెనక్కి వేశారు.

"చూశావా?" అన్నాడు జుమా గుసగుసగా. "సత్తోరేనా?"

"కాదు."

"మరి... ఎవరు?"

ఖోల్మత్ కత్తిని నడుం గుడ్డలో దోపుకున్నాడు. అప్పుడు అన్న మాటే ఇన్నేళ్ళలో తను ఆడిన ఒకే ఒక్క అబద్ధమని, ఖాలా పోయాక అతనే నాతో చెప్పాడు.

"ఉస్తాయే," అన్నాడు. "ఇంకా నాలుగు మిగిలాయంట. ఈసారి ఎవరైనా కాలవలో పారేస్తే... ఆ ఇంటికి తానే వస్తానన్నాడు."