ఏకగ్రీవానికి ఒక్క నిమిషం

"తేజ రకం ఉందా?"

"తొడిమ తీసినవే ఉన్నాయి."

కోడ్ సరిపోయింది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ బస్తాల మధ్య తుమ్ముతూ నిలబడ్డ ఏజెంట్ యేసుపాదం, వచ్చింది చీఫ్ ఉదయ్ కుమారేనని గుర్తుపట్టి నిట్టూర్చాడు. చీఫ్ స్వయంగా వచ్చాడంటే చేతిలో టైము లేదని అర్థం. యేసుపాదానికి యాభై తొమ్మిదేళ్లు. మోకాళ్లకి ఇంకాస్త ఎక్కువే.

"డాక్టర్ గీతాంజలి" అన్నాడు చీఫ్. "చీరాల నేత కుటుంబం. పదేళ్లు ఆస్ట్రేలియాలో ఉండి వచ్చింది. రాజ్యసభకి ఒకే నామినేషన్, ఆమెదే. ఇవాళ మూడింటికి ఏకగ్రీవం. నెల తిరిగేలోపు కేంద్రమంత్రి. రక్షణ శాఖ అంటున్నారు."

"మంచిదేగా?"

"అక్కడి పౌరసత్వం తీసుకుంది. అది తీసుకున్న రోజే ఇక్కడిది పోతుంది. మన చట్టంలో రెండూ కుదరవు. ఆ సర్టిఫికెట్ ఒక విదేశీ ముఠా చేతికి చిక్కింది. బయటపెడతామని బెదిరించి, ఆ సంగతి దాచిపెట్టి నామినేషన్ వేయించారు. రేపు మంత్రి అయ్యాక ఏ ఫైలు అడిగితే ఆ ఫైలు ఇవ్వాలి."

"రిటర్నింగ్ ఆఫీసర్‌కి చెప్పండి."

"స్క్రూటినీ అయిపోయింది. మన దగ్గర కాగితం లేదు, సౌజన్య చెప్పిన మాట ఒక్కటే ఉంది. ఆమే విత్‌డ్రా చేసుకోవాలి. గడువు మూడింటి వరకే."

సౌజన్య గీతాంజలికి ఎలక్షన్ ఏజెంట్. ముఠా పెట్టిన మనిషి. మన డిపార్ట్‌మెంట్ మనిషి కూడా.

"నమ్మొచ్చా?"

"నిన్నటిదాకా నమ్మాం" అన్నాడు చీఫ్.

రెండింటికి తాడేపల్లిలో, కృష్ణ ఒడ్డున ఉన్న గెస్ట్‌హౌస్ గేటు దగ్గర చీరాల చేనేత సంఘం పెద్దాయన ఒకరు దిగారు. పంచె, కండువా, చెవిమిషన్, చేతిలో చీర పెట్టె. ముఠా పెట్టిన ఇద్దరు గార్డులు చీర మడతలన్నీ విప్పి చూశారు. పెట్టె అడుగున అట్ట రెండు పొరల మధ్య ఉన్న విత్‌డ్రాయల్ ఫారం మాత్రం వాళ్లకి దొరకలేదు.

సౌజన్య ఎదురొచ్చింది. ఆమె నవ్వుకి మూడు దేశాల్లో ముగ్గురు అధికారులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. "ఊరివాళ్లు మాట్లాడుకుంటారు. మీరు బయట నిలబడండి" అని గార్డులను వరండాలోకి పంపి తలుపు మూసింది.

యేసుపాదం తనెవరో చెప్పి, అట్ట చించి, ఫారం బల్లమీద పెట్టాడు. గీతాంజలి దాన్ని ముట్టుకోలేదు.

"నేనిక్కడే పుట్టానండీ. మా అమ్మ మగ్గం దగ్గరే నొప్పులు పడింది. నేను పరాయిదాన్నా?"

"చీరాలలో ఎవరూ అనరమ్మా. చట్టం అంటుంది."

"అక్కడ పదేళ్లూ 'మీదే దేశం?' అని అడిగారు. ఆ ప్రశ్న పడలేక వాళ్ల కాగితం తీసుకున్నాను. ఇప్పుడు మీరూ అదే అడుగుతున్నారు."

యేసుపాదం కుర్చీలో కూలబడ్డాడు. ఆమెని ఒప్పించే ఓపిక కూడా లేనట్టు మెల్లగా అన్నాడు. "అది వదులుకుని, దరఖాస్తు పెట్టుకుని మళ్లీ మన పౌరసత్వం తెచ్చుకోవచ్చు. ఏళ్లు పడుతుంది. కానీ ఇవాళ ఈ ఒక్క సంతకం పెట్టకపోతే, రేపట్నుంచి వాళ్లు చూపించిన ప్రతిచోటా పెట్టాలి."

"వాళ్లు నన్ను వదులుతారా?"

"మంత్రి కాని మనిషితో వాళ్లకేం పని?"

గీతాంజలి ఫారం తన వైపు లాక్కుంది. తర్వాత పెన్ను అడిగింది. ఫారం మీద సంతకం పెట్టి, దాన్ని సౌజన్య అందజేయడానికి అనుమతిస్తూ మరో కాగితం రాసిచ్చింది. గార్డులు మూడు దాటేదాకా తనని గుమ్మం దాటనివ్వరు. ఎన్నికైన సర్టిఫికెట్ తేవడానికి సౌజన్య మాత్రం ఎలాగూ వెళ్లాలి.

సౌజన్య కాగితాలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ఇస్తావా అమ్మా?" అడిగాడు యేసుపాదం.

"ఏమోనండీ. ఈ ఏడాది ఎవరికి ఏం మాటిచ్చానో నాకే గుర్తుండట్లేదు" అని కారెక్కింది.

రెండు ముప్పై ఐదు. లోపలికొచ్చిన గార్డుకి నేలమీద చిరిగిన అట్ట కనిపించింది. "ఒరేయ్, సౌజన్య మేడమ్‌ని ఆపమని బాస్‌కి ఫోన్ కొట్టు!"

యేసుపాదం చెవిమిషన్ నొక్కాడు. అందులో జామర్ ఉంది. గెస్ట్‌హౌస్‌లో ఫోన్లన్నీ మూగబోయాయి. దాంతోపాటే చెవిమిషనూ ఆగి, అసలే మందమైన ఆయన కుడిచెవికి ఏమీ వినపడకుండా పోయింది. కారు తీయబోయిన గార్డుకి గేటవతల చీఫ్ జీపులు అడ్డంగా కనిపించాయి.

ఇక చేసేదేం లేదు. హాల్లో టీవీలో వెలగపూడి నుంచి, రిటర్నింగ్ ఆఫీసర్ గది లైవ్ వస్తోంది. మాట సరిగ్గా వినపడని యేసుపాదం, గీతాంజలి పక్కన కూర్చుని బొమ్మని చూశాడు. రెండు యాభై ఐదు. సౌజన్య లేదు. రెండు యాభై ఎనిమిది. రిటర్నింగ్ ఆఫీసర్ ప్రకటన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అక్కడి గోడ గడియారంలో నిమిషాల ముల్లు పన్నెండుని తాకబోతోంది. టీవీలో ఆ గది తలుపు తెరుచుకుంది. పమిట భుజం మీదికి లాక్కుంటూ సౌజన్య వచ్చి, రెండు కాగితాలు బల్లమీద పెట్టింది.

ఆఫీసర్ గడియారం చూశాడు. తన చేతిలోని ప్రకటన పక్కన పెట్టేశాడు.

గీతాంజలి ఏడ్చింది. అది బాధో, ఊరటో యేసుపాదం అడగలేదు. ముఠా నాయకుడు సాయంత్రం గన్నవరం ఎయిర్‌పోర్టులో దొరికాడు.

వారం తర్వాత రిటైర్మెంట్ ఫైలు పట్టుకున్న గుమాస్తా యేసుపాదాన్ని పిలిచాడు.

"మీ జనన ధ్రువీకరణ పత్రం లేదు సార్."

"మా అమ్మ పత్తి తీయడానికెళ్లి చేలోనే కన్నది బాబూ. ఎవరు రాస్తారు?"

"మీరు ఈ దేశంలోనే పుట్టారని ఏదో ఒక రుజువు కావాలి కదండీ."

"డ్యూటీలో వాడిన పాస్‌పోర్టులు పద్నాలుగున్నాయి, పద్నాలుగు దేశాలవి. వాటిల్లో ఏదన్నా సరిపోతుందేమో చూడు."