కొనని సోఫా

“నా సోఫా ఎక్కడ?”

బ్యాంకులో అడుగుపెట్టగానే ఆమె ఆ అబ్బాయిని అడిగిన మొదటి మాట ఇదే. అతను అప్పటికే ఆఫీసరు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఒంటిమీద లిఫ్టులు బాగుచేసే కంపెనీ చొక్కా, మోచేతికి గ్రీజు మరక, ముఖం నిండా విసుగు.

“అదే నేనూ అడుగుదామని వచ్చాను. సోఫాలో కాళ్ళు చాపుకున్నది మీరు, నోటీసులు అందుకున్నది నేను!”

ఆమెది కళ్ళద్దాల షాపు. ఒకరోజు ఉన్నట్టుండి ఆమె క్రెడిట్ కార్డు పనిచేయడం మానేసింది. ఎందుకయ్యా అంటే, ఆమె క్రెడిట్ రిపోర్టులో ఒక సోఫా సెట్టు ఉంది. ఆమె, ఎవరో లిఫ్టు మెకానిక్ కలిసి అప్పు చేసి దాన్ని కొన్నారట. ఒక్క వాయిదా కూడా కట్టలేదట. ఎక్కడో ఒక మొగుడూపెళ్ళాల బాకీని తీసుకొచ్చి వీళ్ళిద్దరి ఖాతాల్లోకి తోసేసి, కంప్యూటర్ ముందున్న మహానుభావుడు నిశ్చింతగా భోజనానికి వెళ్ళిపోయాడు. ఈ అబ్బాయెవరో ఆమెకు తెలియదు, ఆమె ఎవరో అతనికి తెలియదు. రిపోర్టుకి మాత్రం ఇద్దరూ బాగా తెలుసు.

“మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది, ఎగ్గొట్టే రకమని.”

“మీ నోరు వింటే తెలుస్తోంది, వసూలుకి మీ ఇంటికి ఎవరూ ఎందుకు రాలేదో!”

ఆఫీసరు ఫైలు మూసి ఇద్దరినీ జాలిగా చూశాడు. “అమ్మా, బాబూ, ఆలుమగల గొడవలు ఇంటి దగ్గర తేల్చుకోండి.”

“మేం ఆలుమగలం కాదు!” ఇద్దరూ ఒకేసారి అరిచారు.

“నాకు ఇంట్లో బోలెడంత అనుభవం ఉందమ్మా. ముక్కూముఖం తెలియనివాళ్ళు ఇంత శ్రద్ధగా తిట్టుకోరు.” ఆఫీసరు గొంతు తగ్గించాడు. “నేను నమ్మినా పై ఆఫీసువాళ్ళు నమ్మాలి. వాళ్ళ ముందు నిలబడి, మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదని చెప్పి సంతకం పెట్టండి. నమ్మితే రిపోర్టు సరిచేస్తారు. అప్పుడు కార్డుకి మళ్ళీ అప్లై చేసుకోవచ్చు. ఇలా కొట్టుకుంటూ వెళ్తే మాత్రం పని జరగదు.”

కార్డు ఆమెకు సరదా కాదు. అద్దాలు కోసే పాత మెషీను మొరాయిస్తోంది. కొత్తదాన్ని కార్డు మీద వాయిదాల్లో కొందామని మాట్లాడి పెట్టుకుంది. అది రాకపోతే నాన్న పెట్టిన ఆ షాపుని మొబైల్ కవర్ల కొట్టుగా మార్చేద్దామని బావ కాచుకుని కూర్చున్నాడు. అక్క మొగుడన్న హోదా తప్ప బావకి వేరే ఉద్యోగం లేదు.

బయట వాన దంచుతోంది. ఇద్దరూ బ్యాంకు చూరు కింద ఇరుక్కుపోయారు.

“మనం పరాయివాళ్ళలా ఉండటం నేర్చుకోవాలి” అన్నాడతను.

“మనం పరాయివాళ్ళమే.”

“అది మనకి తెలుసు. చూసేవాళ్ళకి తెలియట్లేదు.”

అలా రిహార్సల్ మొదలైంది. ఒకరికొకరు తెలియనివాళ్ళలా ఎలా ఉండాలో నేర్చుకోవడానికి ఇద్దరూ రోజూ సాయంత్రం ఆమె షాపులో కలుసుకునేవారు. ఈ పద్ధతిలో ఏదో లోపం ఉందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. తట్టినా పైకి అనలేదు.

“ఈయన టీలో చక్కెర వేసుకుంటాడా?” ఆఫీసరులా గొంతు మార్చి అతను అడిగేవాడు.

“తెలియదండీ.”

“తడబడుతున్నారు.”

“వేసుకోరని తెలిశాక తెలియదని చెప్పడం కష్టంగా ఉందండీ!”

వెనక గదిలో టీ కాస్తున్న ఆమె పిన్ని ఇదంతా వింటూ ముసిముసిగా నవ్వుకునేది. ఈ కాలం పిల్లలు ప్రేమించుకోవడానికి బ్యాంకు పర్మిషన్ కూడా కావాలి కాబోలు అనుకునేది.

ఆ రోజు రానే వచ్చింది. పై ఆఫీసువాళ్ళ ముందు ఆమె “ఏమీ కాడు” అని గడగడా చెప్పేసి సంతకం పెట్టింది. అతనూ పెట్టాడు. రిపోర్టులోంచి సోఫా మాయమైంది.

“బాగా చెప్పారు” అన్నాడతను మెట్ల మీద. మెచ్చుకున్నట్టు లేదు, దెబ్బ తిన్నట్టు ఉంది. ఆ మర్నాటి నుంచి షాపుకి రావడం మానేశాడు.

ఆమె కార్డుకి మళ్ళీ అప్లై చేసింది. సాయంత్రాలు షాపు తలుపు వంక చూడకూడదని ఒట్టు పెట్టుకుని, చూస్తూ కూర్చుంది.

“ఆ అబ్బాయి రావట్లేదేమే?” అంది పిన్ని.

“ఎందుకొస్తాడు? ఏమీ కాడుగా!” అంది, మళ్ళీ తలుపు వంకే చూస్తూ.

మళ్ళీ ఓ వాన సాయంత్రం, కార్డు ఇచ్చేముందు చూసుకోవాలని ఆఫీసరు స్వయంగా షాపు తనిఖీకి వచ్చాడు. పాత మెషీను చుట్టూ తిరిగి చూసి ఏదో రాసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని లిఫ్టు మెకానిక్ లోపలికొచ్చాడు, నిలువునా తడిసి. ఆఫీసరుని చూసి కొయ్యబారిపోయాడు.

“న... నమస్కారం మేడమ్. కళ్ళు చూస్తారని బోర్డు చూసి వచ్చాను. ఈ వీధికి రావడం ఇదే మొదలు.”

ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళకి వచ్చి ఇదా అనే మాట? “కూర్చోండి” అంది కటువుగా. పరీక్ష కళ్ళజోడు అతని ముక్కు మీద పెట్టి గోడ మీది అక్షరాలు చూపించింది. “ఏం కనిపిస్తోంది?”

“మీరు... అంటే, గోడ.”

ఆఫీసరు రాయడం ఆపాడు. ఆ క్షణంలోనే వెనక గదిలోంచి పిన్ని టీ గ్లాసుతో వచ్చింది.

“వచ్చావా బాబూ! ఇన్నాళ్ళూ ఏమైపోయావయ్యా? ఇదిగో, చక్కెర వెయ్యలేదు. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా?”

అతను కళ్ళజోడులోనే కళ్ళు మూసుకున్నాడు.

“ఈ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళ చక్కెర సంగతి కూడా మీ ఇంట్లో తెలుసన్నమాట” అన్నాడు ఆఫీసరు. “అడగక తప్పదు. అమ్మా, ఈయన మీకేమవుతాడు?”

మెషీను గుర్తొచ్చింది. బావ గుర్తొచ్చాడు. రెండే మాటలు, నోటికి బాగా అలవాటైనవే. కానీ ఎదురుగా ఆ తడిసిన మనిషిని చూస్తూ అవి అనలేకపోయింది.

“అవుతాడు” అంది. “ఏమవుతాడో ఇంకా అడగలేదు. కావాలంటే మీ కార్డు మీరే ఉంచుకోండి. ఏమీ కాడని మళ్ళీ చెప్పడం నా వల్ల కాదు.”

“మరి ఆ రోజు చెప్పింది?”

“సోఫా కొనలేదన్నది నిజమండీ. రెండోది అప్పటికే కాస్త అబద్ధం.”

ఆఫీసరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “మాకు సోఫా సంగతే కావాలమ్మా. ప్రేమకి మా ఫారంలో గడి లేదు. షాపు ఉంది, పాత మెషీను ఉంది, బాకీ లేదు. కార్డు వస్తుంది. మొత్తానికి మా కంప్యూటర్ తప్పు చెప్పలేదు, కాస్త తొందరపడిందంతే.” పిన్ని చేతిలోని టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, తిరిగిచ్చేసి వెళ్ళిపోయాడు.

“ఎందుకు రాలేదు?” ఆమె ఈసారి అరవలేదు.

“నేను కనిపిస్తే నీ కార్డుకి ముప్పని. రోజూ ఎదురుగా బస్టాపులో నిలబడి వెళ్ళిపోతున్నాను. ఇవాళ ఇక నా వల్ల కాలేదు.”

“చెప్పి చావొచ్చుగా! నీ మీద కోపంతో ఇద్దరికి తప్పుడు నంబరు అద్దాలు ఇచ్చాను తెలుసా?” అని, అతని ముక్కు మీంచి కళ్ళజోడు తీసేసింది. “నువ్వంటే ఇష్టం. చాలా ఇష్టం. నీ సంగతేంటి?”

“అదేగా చెప్పాను. ముందు నువ్వు కనిపిస్తున్నావు, తర్వాతే గోడ.”

పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “మీ బావకి నేను చెప్తాలే. మొబైల్ కవర్లు ఇంకెక్కడైనా అమ్ముకోమంటాను. మీ అమ్మని రేపే తీసుకురా బాబూ.”

“కూర్చోబెట్టడానికి చోటేది పిన్నీ? ఉన్నవి రెండు స్టూళ్ళు.”

“అయితే కార్డు రాగానే మెషీను, ఆ తర్వాత సోఫా” అన్నాడతను.

“సరే. ఈసారి మాత్రం వాయిదాలు కడదాం.”